తాళం వేసిన ల్యాబ్‌లో మన ప్రోగ్రాం ఎందుకు నడవకూడదు?

పోస్టు పెద్దదే. బస్సులో ఉన్నోళ్లు సిగ్నల్ ఉన్నప్పుడే ఓపెన్ చేసి పెట్టుకోండి, ఘాట్ ఎక్కుతూ చదువుకోవచ్చు.

మనం ఇచ్చిన వినతిపత్రానికి డిపార్ట్‌మెంట్ నుంచి జవాబొచ్చింది. రెండే లైన్లు. భద్రతా కారణాల వల్ల ల్యాబ్ కంప్యూటర్లను బయటి నుంచి వాడుకోనివ్వడం కుదరదట, కావాలంటే ల్యాబ్ వేళల్లో వచ్చి వాడుకోవాలట. ఏ యూనివర్సిటీ అన్నది ఇక్కడ రాయట్లేదు, అవసరం కూడా లేదు. కొండ దిగి ఏ ఊళ్లో చదువుతున్న మనవాళ్లనడిగినా ఇదే కథ చెప్తున్నారు.

సంతకం పెట్టినవాళ్లలో కూడా కొంతమందికి మనం అడిగిందేంటో సరిగ్గా తెలీదు. ముందు అది చెప్తాను. మనం కంప్యూటర్ ఇంటికి ఇమ్మనలేదు. తాళంచెవి ఇమ్మనలేదు. ల్యాబ్‌లో ఉన్న మెషీన్లలో ఒక పదింటిని సాయంత్రం ఆపకుండా ఉంచమన్నాం. వాటిలో ఉబుంటు వేయమన్నాం, అది ఫ్రీ. ప్రతి స్టూడెంట్‌కీ సొంత అకౌంట్ ఇచ్చి, హాస్టల్ నుంచో ఇంటి నుంచో ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లాగిన్ అవ్వనివ్వమన్నాం. అంతే. మన చేతిలో ఉండేది ఫోన్. అందులో టెర్మక్స్ అనే ఫ్రీ యాప్. మనం టైపు చేసిన కమాండ్ ల్యాబ్‌లోని మెషీన్‌కి వెళ్తుంది, ప్రోగ్రాం అక్కడ నడుస్తుంది, జవాబు అక్షరాల రూపంలో మన ఫోన్ మీదకి వస్తుంది. ప్రాసెసర్ దానిది, ర్యామ్ దానిది. మనది వేలు, బుర్ర మాత్రమే.

ఇందులో మనకి మరీ పనికొచ్చే సంగతి ఇంకోటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో వెళ్లేవి, వచ్చేవి అక్షరాలే. రోజంతా టైపు చేసినా ఖర్చయ్యేది కొన్ని ఎంబీలు. పెదబయలు లోపల, ముంచంగిపుట్టు అవతల, గుట్టెక్కితే ఒక్క గీత సిగ్నల్ వచ్చే ఊళ్లో వీడియో క్లాసు నడవదు, బ్రౌజర్ పేజీ తెరుచుకోదు. కానీ ఇది నడుస్తుంది. సిగ్నల్ పోతే? టీమక్స్ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. దాని లోపల పని మొదలుపెడితే, మన ఫోన్ చచ్చిపోయినా, కరెంటు పోయి రెండ్రోజులు చార్జింగ్ లేకపోయినా, పని అక్కడ ల్యాబ్‌లో సాగుతూనే ఉంటుంది. మళ్లీ సిగ్నల్ దొరికినప్పుడు లాగిన్ అయితే వదిలిన చోటే కనిపిస్తుంది. మోష్ అని ఇంకోటి, 2012లో ఎమ్ఐటీ వాళ్లు చేసింది, కనెక్షన్ తెగి అతుక్కుంటూ ఉండే చోట్ల కోసమే చేశారు. మన ఘాట్ రోడ్డు కోసం చేసినట్టే ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ల్యాబ్ పదింటికి తెరుస్తారు, అయిదింటికి మూస్తారు. వారానికి ఆరు రోజులు. మొత్తం 42 గంటలు. వారంలో ఉండేవి 168. అంటే నాలుగింట మూడొంతుల కాలం ఆ మెషీన్లు తాళం వెనకాల ఖాళీగా పడుంటాయి. దసరా, సంక్రాంతి, ఎండాకాలం సెలవులు ఇందులో కలపలేదు. ఆ 42 గంటల్లో కూడా ఒక బ్యాచ్‌కి దక్కేది వారానికి ఒక సబ్జెక్టుకి మూడు గంటలు. మిగతా టైములో వేరే సెక్షన్ల క్లాసులుంటాయి. మరి "ల్యాబ్ వేళల్లో వచ్చి వాడుకోండి" అంటే ఎప్పుడు వాడుకోమని?

ల్యాప్‌టాప్ ఉన్నోడికి ఈ గొడవే లేదు. వాడు రాత్రి రూములో ప్రోగ్రాం రాసుకుంటాడు, ల్యాబ్‌కి వచ్చి చూపించి సంతకం పెట్టించుకుంటాడు. వాడికి ల్యాబ్ సంతకం పెట్టించుకునే చోటు. మనకి అదొక్కటే కంప్యూటర్. 2017-18లో కేంద్రం చేయించిన శాంపిల్ సర్వే ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న ఇళ్లు పట్టణాల్లో నూటికి 23 పైచిలుకు, గ్రామాల్లో నూటికి నాలుగు పైచిలుకు. ఆ నాలుగూ ఏ గ్రామాల్లో ఉంటాయో మనకి తెలుసు. హుకుంపేట దాటి లోపల కాదు. ఆ నూటికి తొంభై అయిదిళ్ల పిల్లల కోసమే గవర్నమెంటు యూనివర్సిటీలో ల్యాబ్ కట్టేది. ఉన్నోడికి అదనంగా, లేనోడికి మూడు గంటలుగా పంచడానికి కాదు.

నష్టం ఎక్కడ జరుగుతోందో ఒక ఉదాహరణ చెప్తాను. మన తమ్ముడొకడు, పేరు రాయను, ఫైనలియర్ ప్రాజెక్టుకి ఒక మంచి పని తీసుకున్నాడు. ఊళ్లో మనం మాట్లాడే ఆదివాసీ ఒడియాలో మాటలు, అమ్మమ్మల చేత, సంతలో అమ్ముకునేవాళ్ల చేత పలికించి ఫోన్లో రికార్డు చేశాడు. ఏ మాట పలికారో గుర్తుపట్టే చిన్న మోడల్ తయారుచేయాలన్నది ప్లాన్. గొప్ప సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు దానికి. ల్యాబ్‌లో ఉన్న మామూలు మెషీన్ మీద తొమ్మిది, పది గంటలు ఆపకుండా నడిస్తే చాలు. పదింటికి మొదలుపెట్టేవాడు. అయిదింటికి అటెండర్ వచ్చి మెయిన్ ఆపేసేవాడు. మధ్యమధ్యలో సేవ్ చేసి మర్నాడు అక్కణ్ణుంచి నడుపుదామంటే, మర్నాడు ఆ మెషీన్ మీద వేరే సెక్షన్ కూర్చునేది, సాయంత్రం క్లీన్ చేసేటప్పుడు ఫోల్డర్ ఎగిరిపోయేది. ఇలా మూడు వారాలు. రివ్యూలో "రిజల్ట్స్ ఎక్కడ?" అన్నారు. చివరికి ఏం చేశాడు? అందరూ చేసేదే. ప్రాజెక్టు సెంటర్‌కి వెళ్లి ఆరు వేలు పెట్టి రెడీమేడ్ ప్రాజెక్టు కొన్నాడు. ఫేక్ న్యూస్ కనిపెట్టేది. అదే ఏడాది అదే ప్రాజెక్టు ఇంకో ముగ్గురు పెట్టారు. నలుగురికీ మంచి మార్కులు వచ్చాయి.

ఆ ఆరు వేలు కాఫీ పళ్లు కోసిన కూలి. ఇంట్లోవాళ్లు ఎన్ని రోజులు కోస్తే వచ్చిందో లెక్క వేసుకోండి. అమ్మమ్మల గొంతులు మాత్రం ఇప్పటికీ మెమరీ కార్డులో ఉన్నాయి.

మన పిల్లలు ప్రాజెక్టులు కొంటున్నారని స్టాఫ్ రూములో జోకులేసుకుంటారు. కొనే పరిస్థితి ఎవరు తెచ్చారు? రాత్రి పది గంటలు ఒక మెషీన్ ఆపకుండా ఉంచి ఉంటే ఆ ఆరు వేలు మిగిలేవి, ఆ పనీ మిగిలేది.

ఇక భద్రత. ఈ మాట చెప్పినప్పుడు మనవాళ్లు చాలామంది తల దించేసుకుంటారు, మనకి తెలీని పెద్ద విషయమేదో ఉందనుకుని. పెద్ద విషయం ఏం లేదు. ఎస్‌ఎస్‌హెచ్ పుట్టిందే భద్రత కోసం, అదీ ఒక యూనివర్సిటీలో. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. అక్కడ పనిచేసే తతు యులోనెన్ దానికి విరుగుడుగా ఇది రాశాడు. దొంగతనం జరిగింది కదా అని ల్యాబ్‌కి తాళం వేయలేదు, దొంగకి అర్థం కాకుండా సమాచారాన్ని గుప్తంగా పంపే దారి కట్టాడు. ఇవాళ ప్రపంచంలో సర్వర్లు నడిపేవాళ్లు వాటిలోకి వెళ్లేది మామూలుగా ఈ దారినే.

ప్రమాదం అసలు లేదని నేననను. నెట్‌కి తెరిచిపెట్టిన ఏ మెషీన్‌నైనా పాస్‌వర్డ్‌లు వరసగా ప్రయత్నించి చూసే దొంగ ప్రోగ్రాములు పొద్దస్తమానం తడుతూనే ఉంటాయి. దానికి మందు కూడా అందరికీ తెలిసిందే. పాస్‌వర్డ్ లాగిన్ తీసేసి, కీ ఉన్నవాళ్లనే రానివ్వాలి. పది మెషీన్లనీ నేరుగా బయటికి పెట్టకుండా ముందు ఒక్క మెషీన్‌ని గేటులాగ పెట్టి, దాని గుండానే లోపలికి పోనివ్వాలి. పరీక్షల సర్వర్, ఆఫీసు సర్వర్ ఉన్న నెట్‌వర్క్‌కి దీనికి సంబంధం లేకుండా విడదీయాలి. ఎవరు ఎప్పుడొచ్చారో లాగ్ ఉంచాలి. ఒక్కొక్కరికీ ఇంత డిస్కు, ఇంత ర్యామ్ అని హద్దు పెట్టాలి. ఇవన్నీ మన సిలబస్‌లో ఉన్నవే. నెట్‌వర్క్ సెక్యూరిటీ పేపర్లో పది మార్కుల ప్రశ్నకి మనం రాసే జవాబు, ప్రశ్న సెట్ చేసిన డిపార్ట్‌మెంట్‌కి పనికిరాకుండా పోయిందా?

ఇంకో మాట. ఫీజు కట్టే పోర్టల్ ఇరవైనాలుగ్గంటలూ తెరిచే ఉంటుంది. ఆదివారం రాత్రి రెండింటికి కట్టినా తీసుకుంటుంది. అది కూడా బయటి నుంచి వాడేదే, అందులో డబ్బు కూడా ఉంది. దానికి లేని భద్రత గొడవ మన లింక్డ్ లిస్టు ప్రోగ్రాంకి వచ్చిందా? అదే డిపార్ట్‌మెంట్‌లో రీసెర్చ్ స్కాలర్లు కొంతమంది ఇంటి నుంచి సర్వర్‌లోకి లాగిన్ అవుతున్నారు. తప్పని అనట్లేదు, వాళ్లకి అవసరం. కానీ కుదరదు అన్నమాట అబద్ధమని అక్కడే తేలిపోయింది. కుదురుతుంది. మనకి కుదరదంటున్నారు, అంతే.

నిజంగా ప్రమాదం ఎక్కడుందో తెలుసా? కొందరు కుర్రాళ్లు ల్యాబ్ మెషీన్‌లో చాటుగా ఎనీడెస్క్ వేసి, పాస్‌వర్డ్ చీటీ మీద రాసుకుని, హాస్టల్ నుంచి వాడుతున్నారు. ఒక చీటీ పది మంది చేతులు మారుతుంది. ఎవరు ఏం చేశారో ఎవరికీ తెలీదు. పైగా అది స్క్రీన్ బొమ్మ మొత్తం పంపుతుంది కాబట్టి రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ వేసుకున్నోడికి డేటా సాయంత్రానికే అయిపోతుంది. ముందు దారి మూసేస్తే పిల్లలు దొడ్డిదారి వెతుక్కుంటారు. లెక్కాపత్రం ఉన్న దారి కావాలా, చీటీ కావాలా అన్నది డిపార్ట్‌మెంట్ తేల్చుకోవాలి.

కరెంటు ఖర్చు అని కూడా ఒక సార్ అన్నారట. సరే, అదీ లెక్కేద్దాం. మానిటర్ ఆపేసిన డెస్క్‌టాప్ సగటున 50 వాట్లు తాగుతుందనుకోండి. పది మెషీన్లు, పద్నాలుగు గంటలు. ఏడు యూనిట్లు. గట్టిగా పనిచేస్తే దీనికి రెట్టింపనుకోండి. ఒకటిన్నర టన్నుల ఏసీ ఫుల్లుగా నడిస్తే గంటకి దాదాపు ఒకటిన్నర యూనిట్ అవుతుంది. ఎవరి గదిలో ఏసీ ఎన్ని గంటలు నడుస్తుందో నేను రాయను.

ఇప్పుడు మనలో మన మాట. మొన్న ఇక్కడే ఒక సీనియర్ అన్న రాశారు: "ఈ రిమోట్ గొడవ వదిలేయండి, అందరం కలిసి పీవో గారిని ల్యాప్‌టాప్‌లు అడుగుదాం, ఫోన్ మీద కోడింగ్ ఏంటి, అడుక్కున్నట్టు" అని. అన్న మీద నాకు గౌరవం ఉంది, హాస్టల్ మెస్ విషయంలో ఆయన నిలబడకపోతే మనకి ఇవాళ గుడ్డు కూడా ఉండేది కాదు. కానీ ఈ మాట ఒప్పుకోను. ల్యాప్‌టాప్‌లు అడుగుదాం, తప్పకుండా. ఐటీడీఏలో ఫైలు కదలాలి, బడ్జెట్ రావాలి, టెండర్ పిలవాలి, లిస్టు తయారవ్వాలి. ఈలోగా ఇప్పుడు సెకండియర్లో ఉన్నోళ్లు పాసయ్యి వెళ్లిపోతారు. ల్యాబ్‌లో మెషీన్లు ఇవాళ ఉన్నాయి. ఒకటి అడిగితే రెండోది అడగకూడదని ఎవరన్నారు?

అడుక్కోవడం అన్నమాట ఇంకా తప్పు. దూరంగా కూర్చుని పెద్ద మెషీన్ మీద పని నడుపుకోవడం లేనోడి అవస్థ కాదు, కంప్యూటర్ వాడకమే అలా ఎదిగింది. 1961లోనే ఎమ్ఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందం ఒకే కంప్యూటర్‌ని చాలామంది వేరేవేరే టెర్మినల్స్ నుంచి ఒకేసారి వాడుకునేలా చేసి చూపించింది. 1983లో అక్కడే అథీనా అనే ప్రాజెక్టు మొదలైంది, క్యాంపస్‌లో ఏ మెషీన్ ముందు కూర్చున్నా స్టూడెంట్‌కి తన ఫైళ్లు దొరికేలా. 1988లో విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్లు కాండోర్ అనే సిస్టమ్ గురించి పేపర్ రాశారు. ఆ పేపర్ పేరులోనే ఉంది, ఖాళీ వర్క్‌స్టేషన్లని వేటాడేది అని. ఎవరూ వాడని మెషీన్ ఎక్కడుందో వెతికి పని అక్కడ పెడుతుంది, ఆ మెషీన్ ఓనరు వచ్చి కీబోర్డు ముట్టుకోగానే పని లేచి వేరే మెషీన్‌కి పోతుంది. తర్వాత పేరు మార్చుకుని ఇప్పటికీ పనిచేస్తోంది, సైంటిస్టులు వాడుతున్నారు. ఇటుకల పండగకి వేటకెళ్లే మనకి ఖాళీ మెషీన్ల వేట నామోషీ ఏంటి అన్నా?

హైదరాబాద్ ఐఐటీలో పరమ్ సేవా సూపర్ కంప్యూటర్ ఉంది. దాన్ని వాడే పరిశోధకులు దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చోరు. వాళ్లు చేసేదీ ఇదే, దూరం నుంచి లాగిన్. రేపు ఉద్యోగంలో చేరినా మీ ప్రోగ్రాం నడిచే సర్వర్‌ని మీరు కళ్లతో చూడరు. ల్యాప్‌టాప్ ఉన్న పిల్లలకి ఈ అలవాటు లేకపోవచ్చు. మనవాళ్లకి మొదటేడాదే వస్తే ఇంటర్వ్యూలో ఆ ఒక్క విషయంలోనైనా ముందుంటారు.

ఫోన్ స్క్రీన్ చిన్నది, నిజమే. వేలితో సెమికోలన్ వెతుక్కోవడం నరకం. నాలుగైదు వందల్లో కీబోర్డు, ఒక ఓటీజీ కేబుల్ కొంటే సగం బాధ పోతుంది. సగం ఉంటుంది. దాన్ని నేను దాచట్లేదు, అందుకే ల్యాప్‌టాప్‌లు కూడా అడుగుదామంటున్నా.

"కొలాబ్ ఉందిగా, ఫ్రీగా" అనేవాళ్లకి చిన్న జవాబు. కొలాబ్ మంచిదే, సిగ్నల్ బాగున్న చోట. బ్రౌజర్ తెరిచి ఉంచాలి, కాసేపు కదలకపోతే తెంచేస్తుంది, ఫ్రీ అకౌంట్‌లో గరిష్ఠంగా పన్నెండు గంటలు, అదీ గ్యారంటీ లేదు. తెగితే ఆ మెషీన్ మీద ఉన్న ఫైళ్లు పోతాయి. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్, నెట్‌వర్క్స్ ల్యాబ్ దాని మీద సరిగ్గా చేసుకోలేం. అన్నిటికన్నా ముఖ్యం, అది ఒక కంపెనీ దయ. ల్యాబ్ మన హక్కు.

ఆడపిల్లల సంగతి ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. చర్చంతా మగపిల్లలే చేశారు కాబట్టి. ల్యాబ్ టైము రాత్రి ఎనిమిది వరకు పెంచితే సరిపోద్ది కదా అని డిపార్ట్‌మెంట్ ఒక బేరం పెట్టే అవకాశం ఉంది. అప్పుడే సరే అనేయకండి. లేడీస్ హాస్టల్ గేటు ఆరింటికో ఆరున్నరకో పడిపోతుంది. ఆ తర్వాత ల్యాబ్ పన్నెండు దాకా తెరిచినా చెల్లెళ్లకి ఒరిగేదేం లేదు. సిటీ చివర వెల్ఫేర్ హాస్టల్లో ఉండి రెండు బస్సులు మారే వాళ్లకీ అంతే. డిసెంబరు, జనవరిలో కాఫీ కోతకి ఇంటికి వెళ్లిపోయే వాళ్లకీ అంతే. సరిగ్గా అప్పుడే ప్రాజెక్టు మొదటి రివ్యూ. ఇంటికెళ్లొద్దు అని చెప్పడం తేలిక, కోసే చేతులు లేకపోతే పళ్లు చెట్టు మీదే ఎండిపోతాయి. లాగిన్ ఇస్తే గేటూ అడ్డు కాదు, కోతా అడ్డు కాదు.

మనవైపు నుంచి కూడా గట్టిగా ఉండాలి. అకౌంట్ వచ్చిన రోజు నుంచి నీ కీ నీదే. తమ్ముడైనా, రూమ్మేటైనా ఇవ్వకూడదు. క్రిప్టో మైనింగ్ అని, సినిమా డౌన్‌లోడ్ అని ఎవడైనా మొదలుపెడితే వాడి అకౌంట్ తీసేయమని మనమే రాసిద్దాం. ఒక్కడు చేసిన వెధవ పనికి "వీళ్లకి ఇస్తే ఇంతే" అన్న మాట అందరం పడాల్సి వస్తుంది. వేరేవాళ్ల పిల్లాడు చేస్తే వాడొక్కడి పేరే చెప్తారు, మనవాడు చేస్తే మన కులం పేరు చెప్తారు. ఇది అన్యాయమే, కానీ ఉంది.

ఇప్పుడేం చేయాలి. రెండో వినతిపత్రం డిపార్ట్‌మెంట్‌కి కాదు, రిజిస్ట్రార్ గారికి. అందులో పది మెషీన్లు అని కాకుండా ముందు రెండు మెషీన్లు, ఒక సెమిస్టర్, ప్రయోగంగా అని అడుగుదాం. ఆ రెండింటినీ యూపీఎస్ లైను మీద వేరుగా పెట్టమందాం, అటెండర్ మెయిన్ ఆపినా ఇవి ఆగకుండా. అటెండర్‌ని ఎవరూ ఏమీ అనొద్దు, ఆయనకి చెప్పిన పని ఆయన చేస్తున్నాడు. సెటప్ చేయడానికి మన ఎమ్‌సీఏ వాళ్లు ముగ్గురు సిద్ధంగా ఉన్నారు, సిస్టమ్ అడ్మిన్ గారి ముందే కూర్చుని చేస్తారు.

దాంతోపాటు సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు. పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అడగాల్సినవి: ల్యాబ్‌లలో మొత్తం మెషీన్లెన్ని, అందులో పనిచేస్తున్నవెన్ని, ఏ నిధులతో కొన్నారు, గిరిజన ఉపప్రణాళిక డబ్బు అందులో ఉందా, ఉంటే ఎంత, వారానికి ఎన్ని గంటలు వాడకంలో ఉన్నాయి, బయటి నుంచి లాగిన్ ఇప్పటికే ఎంతమందికి ఉంది, ఏ నిబంధన కింద ఇచ్చారు. చివరి ప్రశ్న వదలొద్దు. 2013లో ఉపప్రణాళిక చట్టం వచ్చింది, ఆ డబ్బుతో కొన్న వస్తువు మనకి ఎలా ఉపయోగపడుతోందో అడిగే హక్కు మనకుంది.

దరఖాస్తు డ్రాఫ్టు తెలుగులో రాసి ఉంచాను. సంతకాలకి ఆదివారం మధ్యాహ్నం వెల్ఫేర్ హాస్టల్ మెట్ల దగ్గరికి రండి. చెల్లెళ్లు బయటికి రాలేకపోతే కాగితం లేడీస్ హాస్టల్ గేటు దగ్గరికే పంపిస్తాం, వాచ్‌మన్ గారికి ముందే చెప్పాం. ఊళ్లో ఉన్నోళ్లు తెల్లకాగితం మీద పేరు, రోల్ నంబరు, బ్రాంచి రాసి సంతకం పెట్టి ఫోటో నాకు విడిగా పంపండి, ఇక్కడ అందరికీ కనిపించేలా పెట్టొద్దు. "మా ఇంట్లో కంప్యూటర్ లేదు" అని ఒక్క లైను కూడా రాయండి. సిగ్గేం లేదు, ఆ లైనే మన సాక్ష్యం.